పాల కేంద్రం పద్దులు: జాంగోలో రికార్డులు రాయడం, దిద్దడం – ఒక ప్రాజెక్టు డైరీ

2025 జూన్ 2, సోమవారం

మామయ్య నడుపుతున్న పాల కేంద్రంలో లెక్కలన్నీ ఇప్పటికీ రెండు పుస్తకాల్లోనే ఉన్నాయి. ఏ పూట ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న ఎంత శాతం వచ్చింది అన్నది ఒక పుస్తకంలో రాస్తారు. దాణా బస్తాలు, అడ్వాన్సులు, పదిహేను రోజులకొకసారి ఇచ్చే బిల్లులు రెండో పుస్తకంలో ఉంటాయి. పాలు పోసే రైతులు ఎనభై నలుగురు. ఈ రెండు పుస్తకాలను ఒక చిన్న వెబ్ అప్లికేషనుగా మార్చి ఇస్తానని మాట ఇచ్చాను కనుక, పని నడిచినంత కాలం డైరీ రాయాలని కూడా నిశ్చయించుకున్నాను. తెరల అందచందాల గురించి ఇక్కడ ఏమీ రాయను. డేటాబేసులో ఒక వరుస ఎలా పుడుతుంది, పుట్టిన వరుసను ఎలా మార్చాలి అన్న సంగతులకే ఈ డైరీ పరిమితం.

ఫ్రేమ్‌వర్కు (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు కట్టే చట్రం) జాంగో 5.2, ఈ ఏప్రిల్‌లో విడుదలైన దీర్ఘకాలిక మద్దతు గల వెర్షన్. డేటాబేసు ప్రస్తుతానికి ఎస్‌క్యూలైట్. కోడులో పేర్లన్నీ ఇంగ్లీషులోనే పెట్టాను గానీ ఇక్కడ వాటిని తెలుగులోనే పిలుస్తాను. మోడళ్లు, అంటే డేటాబేసు పట్టికలకు కోడులో రాసే నమూనాలు, రెండు. మొదటిది రైతు: సభ్యత్వ సంఖ్య, పేరు, ఫోను, నిల్వ (రైతు ఖాతాలో ఉన్న సొమ్ము). రెండవది సేకరణ: రైతు, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, రేటు, మొత్తం, వీటితో పాటు నమోదైన సమయం, మారిన సమయం. డబ్బుకూ లీటర్లకూ దశాంశాలను ఉజ్జాయింపుగా లెక్క కట్టే ఫ్లోట్ వాడకుండా, కచ్చితంగా లెక్క కట్టే డెసిమల్ ఫీల్డులే పెట్టాను. ఒక శాతం వెన్నకు లీటరుకు 7.50 రూపాయల చొప్పున లెక్క కడతారు కాబట్టి, 6.8 శాతం వెన్నతో 6.5 లీటర్లు పోసిన రైతుకు 331.50 రూపాయలు రావాలి.

ఆదేశాలను ఒక్కొక్కటిగా కొట్టి చూసే జాంగో షెల్ తెరిచాను. 5.2 నుంచి షెల్ మోడళ్లను తనంతట తానే దిగుమతి చేసుకుంటుంది కనుక ప్రతిసారీ ఆ నాలుగు లైన్లు కొట్టే బాధ తప్పింది. రైతు క్లాసుకు పేరు, సంఖ్య ఇచ్చి ఒక ఆబ్జెక్టు తయారు చేశాను. అప్పటికి డేటాబేసుకు ఈ సంగతే తెలియదు, ఐడీ అడిగితే 'నన్' అని జవాబు వచ్చింది. సేవ్ అని పిలిచాకే ఇన్సర్ట్ (కొత్త వరుస చేర్చే ఆదేశం) వెళ్లింది, ఐడీ వచ్చింది. ఈ రెండు అడుగులనూ కలిపి ఒకేసారి వేసేదే క్రియేట్. ఆ తరువాత పేరులో ఒక అక్షరం దిద్ది మళ్లీ సేవ్ చేసి, డీబగ్ స్థితిలో కనెక్షన్ దాచి ఉంచే క్వెరీల (డేటాబేసుకు వెళ్లిన వాక్యాల) జాబితా తెరిచి చూశాను. నేను మార్చింది పేరు ఒక్కటే, కానీ వెళ్లిన అప్‌డేట్ వాక్యంలో సంఖ్య, ఫోను, నిల్వతో సహా అన్ని కాలమ్‌లూ ఉన్నాయి. నా చేతిలో ఉన్నది ఆ వరుసకు ఒక నకలు, సేవ్ అంటే ఆ నకలు మొత్తాన్ని తీసుకెళ్లి అసలు మీద పరచడం. ఈ విషయం ఇదివరకు చదివి తెలుసుకున్నదే అయినా, క్వెరీని కళ్లారా చూసినప్పుడు కలిగే జంకు వేరు.

జూన్ 4, బుధవారం

ఈ రోజంతా చిన్న చిన్న దెబ్బలతోనే గడిచింది. లీటర్లను అంకెగా కాక "6.5" అన్న స్ట్రింగుగా ఇచ్చి సేవ్ చేస్తే డేటాబేసులో సరిగ్గానే పడింది గానీ, చేతిలోని ఆబ్జెక్టులో అది స్ట్రింగుగానే మిగిలిపోయింది. వెంటనే రేటుతో గుణించబోతే టైప్ ఎర్రర్ వచ్చింది. సేవ్ చేసినంత మాత్రాన జాంగో ఆబ్జెక్టులోని విలువను శుద్ధి చేసి తిరిగి ఇవ్వదు. డేటాబేసులో ఏముందో తెలియాలంటే రిఫ్రెష్ ఫ్రమ్ డీబీ అని అడగాలి, లేదా మొదటే డెసిమల్‌గా మార్చి ఇవ్వాలి.

రెండవ దెబ్బ దీనికంటే పెద్దది. లీటర్లు సున్నా కంటే తక్కువ ఉండకూడదని ఫీల్డుకు వాలిడేటర్ (విలువను తనిఖీ చేసే నియమం) పెట్టాను. షెల్‌లో మైనస్ ఆరు లీటర్లు ఇచ్చి క్రియేట్ చేస్తే నిక్షేపంగా చేరిపోయింది. వాలిడేటర్లను నడిపేది ఫుల్ క్లీన్, దాన్ని పిలిచేది వెబ్ తెర నుంచి వచ్చిన వివరాలను అందుకునే మోడల్ ఫారం. సేవ్‌కు దానితో సంబంధం లేదు. పూట అన్న చోట ఉదయం, సాయంత్రం అని పెట్టిన చాయిసెస్ సంగతీ అంతే, నేను "మధ్యాహ్నం" అని రాసినా తీసుకుంది. ప్రతి సేవ్‌లోనూ ఫుల్ క్లీన్ పిలిచేలా రాసుకోవచ్చు గానీ, సేవ్‌ను దాటుకుని వెళ్లే దారులు చాలా ఉన్నాయి కనుక ఆ కాపలా నాకు నచ్చలేదు. లీటర్లు సున్నా కంటే ఎక్కువ ఉండాలన్న షరతును చెక్ కన్‌స్ట్రెయింట్‌గా, అంటే డేటాబేసే అమలు చేసే నిబంధనగా, పట్టికకే పెట్టాను. 5.1 నుంచి ఆ షరతును కండిషన్ అనే పేరుతో ఇవ్వాలి. పాత పాఠాల్లో కనిపించే చెక్ అన్న పేరు 5.2లో పనిచేస్తున్నా హెచ్చరిక వస్తుంది.

జూన్ 7, శనివారం

ఈ ప్రాజెక్టులో నన్ను భయపెట్టిన రోజు ఇదే కనుక వివరంగా రాస్తాను.

కేంద్రంలో రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల దగ్గర పాలు కొలుస్తారు, రెండవ బల్ల దగ్గర దాణా ఇస్తారు. రెండు చోట్లా రైతు నిల్వ మారుతుంది. నేను రాసిన కోడు రెండు చోట్లా ఒకే తీరుగా ఉంది: రైతును గెట్‌తో తెచ్చుకోవడం, నిల్వకు కలపడమో తీసివేయడమో చేయడం, సేవ్ చేయడం. రెండు షెల్ కిటికీలు పక్కపక్కన తెరిచి బల్లలను అనుకరించాను. నిల్వ 4,200 రూపాయలు. రెండు కిటికీల్లోనూ అదే రైతును తెచ్చుకున్నాను. మొదటి కిటికీలో పాల డబ్బు 331.50 కలిపి సేవ్ చేస్తే నిల్వ 4,531.50 అయింది. రెండవ కిటికీలో దాణా బస్తా 1,200 తీసివేసి సేవ్ చేస్తే నిల్వ 3,000 అయింది. రావలసినది 3,331.50. పొద్దున పోసిన పాలు ఎటు పోయాయో చెప్పే ఆనవాలు ఎక్కడా లేదు. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. రెండవ కిటికీ తన దగ్గరున్న పాత నకలును అసలు మీద పరిచింది, అంతే.

ముందుగా తోచిన మందు అప్‌డేట్ ఫీల్డ్స్. సేవ్‌కు ఈ కాలమ్‌లు మాత్రమే రాయమని జాబితా ఇస్తే మిగిలినవాటి జోలికి పోదు. ఒకరు ఫోను నంబరు దిద్దుతుండగా మరొకరు నిల్వ మార్చే సందర్భానికి ఇది చక్కని మందే గానీ, ఇద్దరూ నిల్వనే మారుస్తున్నప్పుడు ఇది ఎందుకూ పనికిరాదు. అక్కడ తప్పు కూడిక జరిగే చోటులో ఉంది. కూడిక పైథాన్‌లో, పాత అంకె మీద జరుగుతోంది. అది డేటాబేసులో, ఆ క్షణాన ఉన్న అంకె మీద జరగాలి.

దానికి జాంగో ఇచ్చిన సాధనం ఎఫ్. నిల్వకు అంకె కాకుండా "ఎఫ్ నిల్వ, కూడిక 331.50" అన్న వ్యక్తీకరణను అప్పగిస్తే, వెళ్లే వాక్యంలో నిల్వ ఈక్వల్ టు నిల్వ ప్లస్ 331.50 అని ఉంటుంది. పైథాన్‌కు పాత అంకె తెలియవలసిన అవసరమే లేదు. మళ్లీ రెండు కిటికీల ఆట ఆడితే 3,331.50 వచ్చింది.

సంతోషం అరగంట నిలిచింది. ఎఫ్‌తో సేవ్ చేసిన ఆబ్జెక్టుకే తరువాత ఫోను నంబరు మార్చి ఇంకోసారి సేవ్ చేశాను. నిల్వ 4,531.50 నుంచి 4,863.00కు దూకింది. సేవ్ అయ్యాక కూడా ఆబ్జెక్టులో నిల్వ స్థానంలో ఆ వ్యక్తీకరణే కూర్చుని ఉంటుంది, ప్రతి సేవ్‌కూ మరొకసారి కలుపుతుంది. ఒక పూట పాలకు రెండు పూటల డబ్బు! రైతులకు అభ్యంతరం ఉండకపోవచ్చు గానీ మామయ్యకు ఉంటుంది. సేవ్ తరువాత రిఫ్రెష్ ఫ్రమ్ డీబీ పిలవడం ఒక దారి. నేను రెండవ దారి పట్టాను. నిల్వను ఆబ్జెక్టు ద్వారా ఎప్పుడూ ముట్టుకోకుండా, సభ్యత్వ సంఖ్యతో ఫిల్టర్ చేసి క్వెరీసెట్ (ఎంపికైన వరుసల సమితి) మీద అప్‌డేట్ పిలవడమే నియమంగా పెట్టుకున్నాను.

(2025 డిసెంబరులో చేర్చిన మాట: జాంగో 6.0లో ఈ ప్రవర్తన మారింది. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్, ఒరాకిల్ డేటాబేసుల్లో సేవ్ అయిన వెంటనే ఇటువంటి ఫీల్డుల్లోకి అసలు విలువ వచ్చి చేరుతోంది. నా నియమాన్ని మాత్రం మార్చుకోలేదు.)

జూన్ 8, ఆదివారం

నిన్నటి సంగతి మామయ్యకు చెప్పాను. ఆయన అంతా విని, "నిల్వను నువ్వు చెరిపి మళ్లీ రాస్తున్నావేంట్రా? మన పుస్తకంలో చెరపడం ఉంటుందా?" అని అడిగారు. ఉండదు. ఆయన పుస్తకంలో వైట్‌నర్ కనిపించదు. తప్పు పడితే అడ్డగీత కొట్టి, కింద కొత్త పద్దు రాసి, పక్కన సంతకం పెడతారు. పాత షావుకార్లు చిట్టా ఒకటి, ఆవర్జా ఒకటి పెట్టుకునేది కూడా ఇందుకే. జరిగినది జరిగిన వరుసలో చిట్టాకెక్కుతుంది, ఎవరి ఖాతా ఎంత అన్నది అందులో నుంచి ఆవర్జాకు వెళ్తుంది. నేనేమో చిట్టా లేకుండా ఆవర్జా ఒక్కటే రాయబోయాను.

ఈ రోజు పద్దు అనే మూడవ మోడల్ చేర్చాను. పాలు పోసినా, దాణా తీసుకున్నా, బిల్లు చెల్లించినా ఒక పద్దు పుడుతుంది. పుట్టిన పద్దును మార్చే కోడు ఎక్కడా ఉండదు. రైతు నిల్వ కాలమ్‌ను తీసివేయలేదు, తెర మీద ప్రతిసారీ వేల పద్దులు కూడనవసరం లేకుండా అది ఉపయోగపడుతుంది. అయితే సేకరణ రాయడం, పద్దు రాయడం, ఎఫ్‌తో నిల్వ జరపడం అనే మూడు పనులూ ఒకే అటామిక్ బ్లాకులో జరగాలి. మూడూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. రైతు ఫోనుకు సందేశం పంపే పనిని మార్పులన్నీ ఖరారయ్యాకే నడిచే ఆన్ కమిట్‌కు అప్పగించాను, లేకపోతే వెనక్కి పోయిన పద్దుకు కూడా సందేశం వెళ్లిపోతుంది.

జూన్ 12, గురువారం

ఎస్‌క్యూలైట్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారాను. కారణం ఒక్కటే. దాణా అప్పు మీద ఇవ్వడానికి మూడు వేల రూపాయల పరిమితి ఉంది. నిల్వ చూసి, సరిపోతుందో లేదో తేల్చి, ఆ తరువాత తీసివేయాలి. చూడడానికీ తీసివేయడానికీ మధ్య మరొకరు దూరకుండా వరుసకు తాళం వేసే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ ఎస్‌క్యూలైట్‌లో ఏ పనీ చేయదు. పిలిస్తే మౌనంగా ఊరుకుంటుంది. పరీక్షలన్నీ నెగ్గుతున్నాయని మురిసిపోయిన నాకు, నెగ్గడానికి అక్కడ తాళమే లేదని ఆలస్యంగా తెలిసింది. పోస్ట్‌గ్రెస్‌లో దీన్ని అటామిక్ బ్లాకు బయట వాడితే జాంగో వెంటనే ఎర్రర్ ఇచ్చింది.

తీరా చూస్తే దాణా పనికి తాళం కూడా అక్కరలేదు. బస్తా 1,200 అయితే, నిల్వ మైనస్ 1,800 కంటే తగ్గకుండా ఉన్న రైతుకే ఇవ్వగలం. ఆ షరతును ఫిల్టర్‌లోనే పెట్టి, ఎఫ్‌తో 1,200 తీసివేసే అప్‌డేట్ పిలిస్తే, అది ఎన్ని వరుసలకు తగిలిందో అంకె తిరిగి ఇస్తుంది. ఒకటి వస్తే బస్తా ఇవ్వవచ్చు, సున్నా వస్తే పరిమితి దాటింది. చూడడం, తేల్చడం, మార్చడం ఒకే వాక్యంలో ముగిశాయి. అప్‌డేట్ తిరిగి ఇచ్చే ఆ అంకెను చాలామంది గాలికి వదిలేస్తారు, నేనూ ఇన్నాళ్లూ వదిలేసినవాణ్ణే.

జూన్ 15, ఆదివారం

ఫోనులో నమోదు బటన్‌ను రెండుసార్లు నొక్కితే రెండు సేకరణలు పడుతున్నాయి. రైతు, తేదీ, పూట కలిసి ఒకటే ఉండాలని యునీక్ కన్‌స్ట్రెయింట్ పెట్టబోతుంటే, "ఒకే పూట గేదె పాలు, ఆవు పాలు విడివిడిగా పోసేవాళ్లు ఉన్నారు కదరా, వాళ్లనేం చేస్తావు?" అని మామయ్య ఆపారు. పాల రకాన్ని కూడా చేర్చి నాలుగింటి మీద పెట్టాను. పరీక్ష కోసం వేసిన డేటాలో అప్పటికే జంటలు ఉన్నందున మైగ్రేషన్ (పట్టిక రూపాన్ని మార్చే పని) నిరాకరించింది, వాటిని తొలగించి మళ్లీ నడిపాను.

ఈ నిబంధన లేనిదే గెట్ ఆర్ క్రియేట్‌ను నమ్మరాదు. అది ముందు వెతుకుతుంది, దొరకకపోతే సృష్టిస్తుంది. రెండు అభ్యర్థనలు ఒకే క్షణాన వెతికితే రెండింటికీ దొరకదు, రెండూ సృష్టిస్తాయి. ఆపై ఎప్పుడు గెట్ చేసినా ఒకటి కంటే ఎక్కువ దొరికాయన్న ఎర్రరే వస్తుంది. నిబంధన ఉంటే రెండవ ఇన్సర్ట్‌ను డేటాబేసు తిప్పికొడుతుంది, అప్పుడు జాంగో మరొకసారి వెతికి మొదటిదాన్ని తెచ్చి ఇస్తుంది.

నా పొరపాటు ఇంకొకటి ఉంది. గెట్ ఆర్ క్రియేట్‌కు లీటర్లను డిఫాల్ట్స్‌లో పెట్టకుండా బయట ఇచ్చాను. అలా ఇస్తే లీటర్లు కూడా వెతికే గుర్తుల్లో భాగం అవుతాయి. 6.5 లీటర్ల వరుస ఉండగా 6.8 అని వస్తే దొరకదు కనుక కొత్తది సృష్టించబోయింది, నిబంధన అడ్డుకుంది, మళ్లీ వెతికినా దొరకలేదు, ఇంటెగ్రిటీ ఎర్రర్ బయటపడింది. వరుసను గుర్తుపట్టేవి బయట ఉండాలి, వరుసలో నింపేవి డిఫాల్ట్స్‌లో ఉండాలి.

దిద్దుబాటు తెరకు అప్‌డేట్ ఆర్ క్రియేట్ తీసుకున్నాను. 5.0లో చేరిన క్రియేట్ డిఫాల్ట్స్ నాకు బాగా పనికివచ్చింది. కొత్తగా పుడితే నమోదు చేసినవారి పేరు, పాతదైతే సరిదిద్దినవారి పేరు రాయవచ్చు. కానీ క్రియేట్ డిఫాల్ట్స్ ఇచ్చామంటే సృష్టించేటప్పుడు మామూలు డిఫాల్ట్స్‌ను జాంగో చూడదు. రెండూ కలిసిపోతాయనుకుని లీటర్లను ఒక్క చోటే రాసి, ఖాళీ ఉండరాదన్న ఎర్రర్ తిన్నాను. రెండు చోట్లా రాయాలి.

జూన్ 17, మంగళవారం

మొదటి రోజు నిజమైన వాడకం. నిన్నటి లెక్కలను మాత్రం పుస్తకం చూసి నిన్ననే ఎక్కించి ఉంచాము. పొద్దున్నే ఐదింటికి మామయ్య ఫోనులో పాలు నమోదు చేయడం మొదలుపెట్టారు. ఏడింటికి ఫోన్ చేసి, నిన్న ఉదయం పోసిన పాలలో పదకొండు మంది లెక్కలు మారిపోయాయని చెప్పారు.

గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది. తేదీని టైమ్‌జోన్ నౌ తీసుకుని, దానికి డేట్ పిలిచి రాబట్టాను. ఆ సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మన గడియారం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు కాబట్టి, ఉదయం 5:30 లోపు మనది కొత్త రోజైనా యూటీసీలో ఇంకా నిన్నే. ఐదింటికి వచ్చిన రైతు పాలు "నిన్న, ఉదయం" అన్న గుర్తుతో వెతకబడ్డాయి. నిన్నటి ఉదయపు వరుస దొరికింది. అప్‌డేట్ ఆర్ క్రియేట్ తన పని తాను చేసింది, అంటే నిన్నటి లీటర్ల మీద ఈ రోజు లీటర్లు రాసింది. క్రియేట్ వాడి ఉంటే యునీక్ నిబంధన అడ్డుపడి గోల చేసేది, నేను మొదటి రైతు దగ్గరే మేల్కొనేవాణ్ణి.

తేదీకి లోకల్ డేట్ వాడేలా మార్చాను. పదకొండు వరుసలనూ పుస్తకం చూసి చేత్తో సరిచేశాను. అంతకంటే ముఖ్యంగా, నమోదు తెరను దిద్దుబాటు తెర నుంచి విడగొట్టాను. నమోదు తెర ఇకమీదట క్రియేట్ మాత్రమే చేస్తుంది. ఆ పూటకు వరుస ముందే ఉంటే ఉన్నదని చెప్పి ఆగుతుంది. ఆ ఇంటెగ్రిటీ ఎర్రర్‌ను పట్టుకునేటప్పుడు, క్రియేట్ చుట్టూ లోపల ఇంకొక అటామిక్ బ్లాకు ఉండాలి. లేకపోతే పోస్ట్‌గ్రెస్‌లో బయటి ట్రాన్సాక్షన్ చెడిపోయి తరువాతి క్వెరీలేవీ నడవవు.

దిద్దుబాటు తెరను అప్‌డేట్ ఆర్ క్రియేట్ నుంచి తప్పించి మొత్తం తిరగరాశాను. లేని వరుసను దిద్దడమన్నది ఉండదు కదా! అటామిక్ బ్లాకులో సేకరణ వరుసకు సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో తాళం వేసి తెచ్చుకోవడం, పాత మొత్తాన్ని పక్కన పెట్టుకోవడం, కొత్త లీటర్లతో లెక్క కట్టి సేవ్ చేయడం, తేడాకు ఒక కొత్త పద్దు రాయడం, ఆ తేడానే ఎఫ్‌తో నిల్వకు కలపడం. ఇక్కడ తాళం నిజంగా అవసరం. ఇద్దరు ఒకే వరుసను దిద్దితే, ఇద్దరూ ఒకే పాత మొత్తం నుంచి తేడా లెక్క కట్టే ప్రమాదం ఉంది. సేవ్‌లో అప్‌డేట్ ఫీల్డ్స్ ఇచ్చేటప్పుడు మారిన సమయాన్ని జాబితాలో చేర్చడం మరిచాను. ఆటో నౌ (ప్రతి సేవ్‌కూ సమయాన్ని తానే నింపే గుణం) ఉన్న ఫీల్డైనా జాబితాలో లేకపోతే డేటాబేసుకు చేరదు.

జూన్ 22, ఆదివారం

పాత పుస్తకాల్లోని రెండు నెలల లెక్కలను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాము, సుమారు తొమ్మిది వేల వరుసలు. ఒక్కొక్కదానికీ క్రియేట్ పిలిస్తే తొమ్మిది వేల ఇన్సర్ట్‌లు. బల్క్ క్రియేట్‌తో ఐదు వందల చొప్పున కట్టలు కడితే పద్దెనిమిదితో సరి. పని క్షణాల్లో ముగిసింది. మొత్తం అన్న కాలమ్ తెరిచి చూస్తే అన్నీ సున్నాలు. లీటర్లు, వెన్న, రేటు గుణించే లెక్కను నేను సేవ్ మెథడ్‌లో రాసుకున్నాను, బల్క్ క్రియేట్ ఆ సేవ్‌ను పిలవదు, సేవ్ అయిందని చాటే సిగ్నళ్లనూ పంపదు. సేవ్‌ను దాటుకుని వెళ్లే దారులు చాలా ఉన్నాయని జూన్ 4న రాసింది నేనే! లెక్కను ఒక విడి ఫంక్షన్‌గా బయటికి తీసి, ఆబ్జెక్టు తయారు చేసే ముందే పిలవడం మొదలుపెట్టాను.

ఎక్కించినవాటిలో కొన్ని తప్పులు దొరికి మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. ఇగ్నోర్ కాన్‌ఫ్లిక్ట్స్ పెడితే ఉన్నవాటిని వదిలేస్తుంది గానీ ఏవి వదిలేసిందో చెప్పదు. 4.1లో వచ్చిన అప్‌డేట్ కాన్‌ఫ్లిక్ట్స్‌కు యునీక్ ఫీల్డ్స్, మార్చవలసిన ఫీల్డ్స్ ఇస్తే, లేనిదాన్ని సృష్టిస్తూ ఉన్నదాన్ని మారుస్తూ పోతుంది. ఒక కట్టలో ఒకే గుర్తు గల వరుస రెండుసార్లు ఉంటే మాత్రం పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ఆ నాలుగు గుర్తులను కీగా పెట్టి డిక్షనరీలో వేసి, జంటలను ముందే ఏరివేశాను. పద్దులు ఇంకా పుట్టని పాత లెక్కలు కనుక ఈ తిరగరాతకు ఒప్పుకున్నాను. వాడకంలో ఉన్న డేటా మీద దీన్ని ప్రయోగించే ధైర్యం నాకు లేదు.

రైతుల జాబితా మరొక పాఠం నేర్పింది. స్ప్రెడ్‌షీట్‌ను ఇద్దరు రెండు కీబోర్డులతో కొట్టారు. పేరుతో గెట్ ఆర్ క్రియేట్ చేస్తే సైదులు ఇద్దరయ్యాడు. తెర మీద రెండు పేర్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, దాని వెనుక మరొక గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, డేటాబేసుకు రెండు. పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్‌ఎఫ్‌సీ (ఇటువంటి విడి గుర్తులను ఒకటిగా కలిపే) రూపంలోకి మార్చితే ఇది తీరింది. అయితే పొల్లు తరువాత కొందరు కొట్టే కనిపించని విభజన గుర్తును ఎన్‌ఎఫ్‌సీ తొలగించదు. పేరుతో మనిషిని గుర్తుపట్టే ప్రయత్నమే మానుకుని, సభ్యత్వ సంఖ్యను గుర్తుగా, పేరును డిఫాల్ట్స్‌లో ఉంచాను.

జూన్ 30, సోమవారం

పక్షం ముగిసింది. బిల్లులు కట్టే ముందు ప్రతి రైతు నిల్వనూ అతని పద్దుల కూడికతో పోల్చే చిన్న కమాండు రాశాను. ఎనభై నలుగురిలో ఎనభై ఒక్కరికి సరిపోయింది. ముగ్గురికి ఒక్కొక్క పైసా తేడా వచ్చింది.

పైసాయే కదా అని వదిలేయబుద్ధి కాలేదు, ఎందుకంటే పైసా తేడా వచ్చిందంటే రెండు చోట్ల రెండు లెక్కలు నడుస్తున్నాయన్నమాట. ముగ్గురిలో ఒకరి లెక్క ఇది: 4.3 లీటర్లు, 6.1 శాతం, 7.50 రేటు. గుణిస్తే 196.725. పద్దును నేను పైథాన్‌లో రెండు దశాంశాలకు సవరించి రాశాను. పైథాన్ డెసిమల్, వేరే ఏమీ చెప్పకపోతే, సరిగ్గా సగంలో ఉన్న అంకెను దగ్గరి సరిసంఖ్య వైపు జరుపుతుంది కనుక 196.72 అయింది. నిల్వను మాత్రం ఎఫ్‌తో కూడేటప్పుడు, సవరించిన అంకెకు బదులు సవరించని 196.725నే పంపాను. పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్ సగాన్ని ఎప్పుడూ సున్నాకు దూరంగా జరుపుతుంది కాబట్టి అక్కడ 73 పైసలు పడింది. పోస్ట్‌గ్రెస్‌దీ తప్పు కాదు, పైథాన్‌దీ తప్పు కాదు. ఒకే అంకెను రెండు చోట్ల సవరించడం నా తప్పు.

మామయ్య ఏ పద్ధతి పాటిస్తారని అడిగాను. "అర పైసా వస్తే రైతుకే" అన్నారు. లెక్క ఫంక్షన్‌లో రౌండ్ హాఫ్ అప్ (సగం వస్తే పైకి) అని స్పష్టంగా రాసి, అక్కడ సవరించిన అంకె ఒక్కటే సేకరణకూ, పద్దుకూ, నిల్వకూ వెళ్లేలా చేశాను. ఆ ముగ్గురి పద్దులను అప్‌డేట్‌తో దిద్దడం ఒక్క లైను పని. దిద్దలేదు. ఒక్కొక్కరికీ "సవరణ, 0.01" అని కొత్త పద్దు రాసి, కమాండును మళ్లీ నడిపాను. ఎనభై నలుగురికీ సరిపోయింది. రేపు పొద్దున్న బిల్లులు.